వంటింట్లోకి వచ్చిన ఎండ

జనవరి 9

వదినగారికి,

మీ ఉత్తరం వచ్చి పన్నెండు రోజులైంది. ఇన్నాళ్ళూ జవాబు రాయలేదని కోపం తెచ్చుకోకండి. ఆయన రాస్తారని నేను ఊరుకున్నాను, నేను రాస్తానని ఆయన ఊరుకున్నారు. నిన్న ఆయనే కాగితం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టి, "అక్కకి నువ్వే రాయి. నా రాత చూస్తే దానికి తలనొప్పి వస్తుంది" అన్నారు. నా రాత మాత్రం ఏమంత గొప్పదని! ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. మా ఊళ్ళో జరిగిన పెళ్ళిలో మిమ్మల్ని ఒక్కసారే చూశాను, అదీ తల వంచుకుని. మీ చీర అంచూ చెప్పులూ బాగా గుర్తున్నాయి. మొహం అంతగా గుర్తులేదు. అందుకే రాయడానికి భయం కాస్త తక్కువగా ఉంది.

ఎన్నిసార్లు ఫోన్ చేసినా అందుబాటులో లేరనే అంటోందని రాశారు. మేమెక్కడికీ పోలేదు వదినా, ఇక్కడే ఉన్నాం. మన వీధిలో ఇరవై రెండు ఇళ్ళున్నాయి కదా, ఏ ఇంట్లోనూ సిగ్నల్ రాదు. బస్సు రోడ్డు మలుపు దాకా నడిచి, అక్కడున్న మైలురాయి ఎక్కి నిలబడితే కొంచెం వస్తుంది. పక్కింటి టైలరమ్మ ప్రతి ఆదివారం ఆ రాయి ఎక్కి కూతురితో మాట్లాడుతుంది. ఫోన్ లేకపోయినా కూతురికి వినపడేంత గట్టిగా అరుస్తుంది. మా ఫోన్ బీరువాలో ఉంటుంది. కరెంటు పోయినప్పుడు దీపంలా పనికొస్తోంది.

ఇల్లు బాగానే ఉంది. వంటింట్లో మాత్రం మూడు దాటాక ఎండ తిన్నగా పొయ్యి గట్టు మీద పడుతోంది. మరిచిపోయి పాలగిన్నె అక్కడ పెడితే సాయంత్రానికి విరిగిపోతున్నాయి. కిటికీకి పాత దుప్పటి ముక్క కట్టాను.

తమ్ముడి పని ఎలా ఉందని అడిగారు. ఆయన్నే అడిగాను. "లారీ షెడ్డులో బాగుందని రాయి" అన్నారు. బాగుంది.

మీరు ఆఫీసులో ఏం చేస్తారని టైలరమ్మ అడిగింది. "కంప్యూటర్లో కొండలు చూస్తూ కూర్చుంటుంది" అన్నారు ఆయన. ఆవిడ నమ్మలేదు. నేనూ నమ్మలేదనుకోండి. వీలైతే మీరే రాయండి.

తప్పులు సర్దుకుని చదువుకుంటారని ఆశతో,
మీ మరదలు

జనవరి 17

మరదలు పిల్లకి,

నీ రాత నా తమ్ముడి రాత కన్నా వంద రెట్లు నయం. వాడు రాస్తే చీమ సిరాలో పడి లేచి పారిపోయినట్టుంటుంది. ఇకమీదట నువ్వే రాయి.

వాడు చెప్పింది నిజమే. నేను కంప్యూటర్లో కొండలే చూస్తుంటాను. ఫోన్ మాట్లాడాలంటే ఎక్కడో ఒక స్తంభం మీది నుంచి రేడియో అలలు మనదాకా రావాలి. ఆ స్తంభం ఎక్కడ పెట్టాలి, ఎంత ఎత్తులో, ఎటు తిప్పి పెట్టాలి అన్నది ముందే తేల్చుకోవాలి. పాతాక సిగ్నల్ రాలేదని పీకి ఇంకోచోట పాతలేం కదా. అందుకని మా దగ్గర ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. దాని కడుపులో నేలంతా ఉంటుంది. ఏ కొండ ఎంత ఎత్తు, ఎక్కడ ఇళ్ళున్నాయి, ఎక్కడ చెట్లున్నాయి, అంతా. స్తంభం ఇక్కడ పెడితే ఏమవుతుందని అడిగితే, అల ఎంతదూరం వెళ్తుందో, దేనికి తగిలి ఆగిపోతుందో లెక్క కట్టి మ్యాప్ మీద రంగులు పూస్తుంది. బాగా అందే చోట పచ్చ, అంతంతమాత్రంగా అందే చోట పసుపు, అందని చోట బూడిద.

ఆరేళ్ళు ఇంకొకరి ప్లాన్లకి రంగులు దిద్దాను. ఇప్పుడు మొదటిసారి నా పేరు మీద ఒక ప్లాన్ ఇచ్చారు. ఎక్కడిదనుకుంటున్నావు? మన వైపుదే! కొండకి అవతల టౌన్లో నీళ్ళ ట్యాంకు ఉంది చూశావా, దాని మీద మూడు యాంటెన్నాలు పెడతారు. రెండు టౌన్ వైపే ఉంటాయి. మూడోది మన వీధి వైపు తిప్పాలని నా ఆశ. మా ఆఫీసు పెద్దాయనేమో గోడౌన్ల వైపు తిప్పమంటాడు. ఎందుకంటే కంప్యూటర్లో మన వీధి మొత్తం బూడిద. మధ్యలో కొండ అడ్డం. ఫిబ్రవరి 28న ప్లాన్ మూసేస్తారు. అప్పటికి ఎటు తిరిగి ఉంటే ఇక అటే. తక్కువలో తక్కువ రెండేళ్ళు ఎవరూ ముట్టుకోరు.

నాకెందుకింత పట్టుదలో తమ్ముడు చెప్పే ఉంటాడు. నాన్న క్వారీలో పోయింది పొద్దున పదకొండింటికి. మాకు తెలిసింది సాయంత్రం ఐదింటికి. ఆ ఆరు గంటలూ అమ్మ బట్టలు ఉతికింది, నేను గోడ మీద కూర్చుని పాటలు పాడుకున్నాను. అవి తల్చుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సయించదు. అందుకే క్వారీ గడప తొక్కనని తమ్ముడి చేత ఒట్టు వేయించుకుని, లారీ షెడ్డులో పని నేర్పించాను. వాడు నిక్షేపంగా ఇనప ముక్కలు బిగించుకుంటున్నాడన్న ధైర్యంతోనే ఇక్కడ ఉండగలుగుతున్నాను.

అన్నట్టు, వంటింట్లో ఎండ ఏమిటి? మన వంటింట్లో ఎండ పడగా నేనెప్పుడూ చూడలేదు. రెండు కొట్టేసరికి కొండ నీడ వచ్చి కూర్చునేది. పడమటి గోడ గానీ పడగొట్టారా? కొట్టిన పాపానికి నాకొక మాటైనా చెప్పకూడదా?

వదిన

జనవరి 26

వదినగారికి,

గోడ పడగొట్టలేదు. ఒక్క ఇటుక కూడా కదపలేదు. మీరు పెరిగిన ఇల్లు మీకు చెప్పకుండా కదుపుతామా?

మరి ఎండ ఎలా వచ్చిందంటే ఏం రాయాలో నాకు తెలియలేదు. ఆయన్ని అడిగితే, "వేసవి వస్తోంది కదా అని రాయి" అని పళ్ళెంలో చెయ్యి కడిగేసుకుని లేచారు. సగం అన్నం అలాగే ఉంది. అందుకని ఆయన చెప్పిందే రాస్తున్నాను. వేసవి వస్తోంది కదా.

మీ పని గురించి రెండుసార్లు చదివాను. పచ్చ, పసుపు, బూడిద బాగా అర్థమయ్యాయి. ఒక్కటే అర్థం కాలేదు. సాయంత్రం పొయ్యి వెలిగించేటప్పుడు మన వంటింటి కిటికీలోంచి ఒక ఎర్రదీపం కనిపిస్తుంది. నీళ్ళ ట్యాంకు మీది దీపం అదేనని పాలాయన చెప్పాడు. ఆ దీపం వెలుగు మన కిటికీ దాకా వస్తోంది కదా, మీరు చెప్పే అల ఎందుకు రాలేకపోతోంది? అల వెలుగు కన్నా బరువుగా ఉంటుందా?

తెలివితక్కువ ప్రశ్న అయితే చింపేయండి. ఆయనకి చూపించకుండానే కవరు అంటించేస్తున్నాను.

మీ మరదలు

ఫిబ్రవరి 3

మరదలు పిల్లకి,

జనవరి నెలలో వేసవి వస్తోందని రాసే వాళ్ళని మిమ్మల్నే చూస్తున్నాను.

అల బరువుగా ఏమీ ఉండదు. వెలుగూ అదీ ఒక తల్లి బిడ్డలే. దీపం కనిపించే చోటికి చాలామటుకు సిగ్నల్ కూడా వస్తుంది. కానీ మన ఇంటి నుంచి ట్యాంకు కనిపించదమ్మా. మధ్యలో కొండ శిఖరం ట్యాంకు దీపం కన్నా ఎంతో ఎత్తులో ఉంది. నా కళ్ళ ముందే ఉంది ఆ గీత. పదకొండుసార్లు లెక్క వేయించాను. స్తంభం ఎత్తు పెంచి చూశాను, యాంటెన్నా వంచి చూశాను. పదకొండుసార్లూ బూడిదే. పెద్దాయన నా వెనక నిలబడి, "కొండని బతిమాలితే పక్కకి జరుగుతుందనుకుంటున్నావా?" అన్నాడు. గదిలో అందరూ నవ్వారు.

నువ్వు చూసేది రోడ్డు మలుపులో ఆగిన లారీ వెనక దీపం అయ్యుంటుంది. ఐదో తరగతితో ఆపేశావు కదా, ఇలాంటివి తెలియకపోవడంలో నీ తప్పేమీ లేదు.

లేకపోతే ఇంకొకటే దారి. మేడ కట్టి, వంటిల్లు పైకి మార్చారా? ఎండా వచ్చి, దీపమూ కనిపించాలంటే అంతే. అదే అయితే దాచకండి. మేడ కట్టుకున్నారని నేనేమీ ఏడవను. దాచారని మాత్రం ఏడుస్తాను.

వదిన

ఫిబ్రవరి 9

వదినగారికి,

మేడ కట్టలేదు. వంటిల్లు కిందే ఉంది.

నేను చదివింది ఐదో తరగతే, నిజమే. అయితే లారీ వెనక దీపం కదులుతుంది. ఇది కదలదు.

మీ మరదలు

ఫిబ్రవరి 12

వదినా,

ఈ ఉత్తరం ఆయనకి తెలియకుండా రాస్తున్నాను. చదివాక నన్నెంత తిట్టినా పడతాను. ఆయన్ని మాత్రం ఈ ఒక్కసారికి ఏమీ అనకండి.

షెడ్డు మూసేసి రెండేళ్ళయింది. మా పెళ్ళికి ముందే మూసేశారు. ఆయన పని చేసేది క్వారీలో. రాతిలో డ్రిల్లుతో తూట్లు పెట్టి, మందుగుండు తూటాలు కూరి పేలుస్తారు. పేలాక మొదట లోపలికి వెళ్ళి, అన్నీ పేలాయో లేదో చూసి వచ్చేది ఆయనే. మీకు ఒట్టు వేసిన సంగతి పెళ్ళయిన మూడో రోజునే చెప్పారు. "అక్కకి తెలిస్తే జన్మలో నా మొహం చూడదు. నువ్వు నోరు జారకు" అన్నారు. నా నోట్లోంచి మాట రావడమే కష్టం, ఇక జారేదెక్కడ? అందుకని తేలిగ్గా మాట ఇచ్చేశాను.

మీకు రాసేటప్పుడే కష్టమైంది. ఆయన చెప్పిన అబద్ధం నా చేతిరాతతో రాయాల్సి వచ్చింది.

రోజూ పొద్దున చెప్పులు వేసుకుంటూ "ఇవాళ పదకొండు" అనో, "ఇవాళ ఏడే" అనో చెప్పి వెళ్తారు. ఆ రోజు పేల్చే తూటాలు అన్నమాట. సాయంత్రం నాలుగింటికి సైరన్ మోగుతుంది. నేను పొయ్యి దగ్గర నిలబడి లెక్కపెడతాను. ఆయన చెప్పినన్ని వినపడితే ఆ రోజుకి గండం గడిచినట్టు. ఒక్కటి తగ్గితే, పేలని తూటా ఒకటి రాతిలో మిగిలిందనీ, ఆయన దాని దగ్గరికి వెళ్తున్నారనీ అర్థం. ఇది నాకెవరూ చెప్పలేదు. నేనే అనుకున్నాను.

నిన్న తొమ్మిది అన్నారు. ఎనిమిదే వినపడ్డాయి.

లెక్క తప్పానేమో అనుకుని గోడ అవతల టైలరమ్మని పిలిచి, "ఎన్ని విన్నావక్కా?" అన్నాను. "ఏం ఎన్ని?" అంది. ఆవిడ మిషన్ చప్పుడులో ఆవిడకి పిడుగు పడ్డా వినపడదు. చెప్పులు వేసుకుని రోడ్డు దాకా వెళ్ళాను. ఆయన అడ్డదారిన ఇంటికి వచ్చి నేను లేనని వెనక్కి వెళ్తే ఎలా అని మళ్ళీ వచ్చాను. మళ్ళీ వెళ్ళాను. ఎన్నిసార్లు తిరిగానో తెలియదు. మీరు గోడ మీద కూర్చుని పాటలు పాడుకున్నానని రాశారే, ఆ గోడనే పట్టుకుని నిలబడ్డాను. నాకు పాట రాలేదు.

ఆరున్నరకి వచ్చారు. ఒళ్ళంతా రాతిపొడి, ఎప్పటిలాగే.

"ఏంటి, గుమ్మంలో దిష్టిబొమ్మలా నిలబడ్డావ్?"

"ఎనిమిదే."

"ఏం ఎనిమిది?"

"తొమ్మిదన్నారు. ఎనిమిదే పేలాయి."

ముందు అర్థం కాలేదు ఆయనకి. తర్వాత నవ్వారు. "రెండు ఒక్కసారే పేలాయే, పిచ్చిమొహమా." నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయారు. "నువ్వు లెక్కపెడుతుంటావా? రోజూనా?"

నేను నీళ్ళు తోడడానికి వెళ్ళాను.

ఇప్పుడు అసలు సంగతి. మీ కంప్యూటర్లో ఉన్న కొండ ఇక్కడ లేదు వదినా. మీరున్నప్పుడు అవతలి వైపే తవ్వేవారట కదా, అందుకే ఇటు నుంచి తెలిసేది కాదు. నాలుగేళ్ళుగా నడిమధ్యకి వచ్చేశారు. మన ఇంటికి ఎదురుగా ఉన్న శిఖరం మొత్తం పోయింది. నోట్లో ముందు పళ్ళు ఊడినట్టు ఉంటుంది. ఆ సందులోంచే ఎండ వస్తోంది, ఆ సందులోంచే దీపం కనిపిస్తోంది. ఎండ సంగతి మీరు అడిగిన రోజే నాకు తెలుసు. కొండ లేదని చెబితే ఎవరు తవ్వారని అడుగుతారు. అందుకని చెప్పలేదు.

ప్లాన్ మూసేయడానికి ఇంకా పదహారు రోజులున్నాయి కదా. చాలుతాయా?

మీ మరదలు

ఫిబ్రవరి 18

నీ ఉత్తరం చేరింది.

తమ్ముడి సంగతి తర్వాత.

24వ తేదీ మధ్యాహ్నం నేను టౌన్లో నీళ్ళ ట్యాంకు పైన ఉంటాను. మూడున్నర నుంచి నాలుగు దాకా నువ్వు వంటింటి కిటికీ దగ్గర అద్దం పట్టుకుని, ఎండ దాని మీద పడేట్టు పెట్టి, మెరుపు ఆ సందు వైపు తిప్పుతూ ఉండు. ఇంట్లో ఉన్నవాటిలో పెద్ద అద్దం తీసుకో. నాకు కనిపిస్తే, చీకటి పడేటప్పుడు ఎర్రదీపం మూడుసార్లు ఆర్పించి వెలిగిస్తాను. కనిపించకపోతే దీపం ఎప్పటిలా వెలుగుతూ ఉంటుంది.

వదిన

ఫిబ్రవరి 25

వదినగారికి,

మీ ఉత్తరం 22న అందింది. నాలుగు మాటలే ఉన్నాయి. క్షేమమా అని కూడా లేదు. మీకూ ఆయనకీ మధ్య నేనే నిప్పు పెట్టానని తేలిపోయింది. ఇక దాచి లాభం లేదని, ఆ రోజు క్వారీకి సెలవు కాబట్టి, మధ్యాహ్నం ఆయన అన్నం తింటుండగా చెప్పేశాను.

"అక్కకి రాసేశాను."

"ఏం రాశావ్?"

"అన్నీ."

ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. కేకలు వేస్తారనుకున్నాను. ముద్ద పళ్ళెంలో పెట్టేసి, "నోట్లో మాటే లేదనుకున్నాను. చేతిలో ఇన్ని పేజీలున్నాయా నీకు!" అన్నారు.

"అద్దం కావాలట," అన్నాను.

"అద్దం ఎందుకు?"

"కొండ లేదని చూపించడానికి."

మా దగ్గరున్నది అరచేతంత అద్దం. ఆయన లేచి చెయ్యి కడుక్కుని, అత్తయ్యగారి బీరువా తలుపుకున్న నిలువుటద్దం మరలు విప్పడం మొదలుపెట్టారు. నాలుగు మరలూ తుప్పు పట్టిపోయాయి. దానికే పొద్దుగూకింది. నిన్న సగం రోజు సెలవు పెట్టారు. మూడింటికే దుప్పటి విప్పేసి ఇద్దరం అద్దాన్ని కిటికీ దగ్గర పట్టుకున్నాం. నాకు పట్టు కుదరక మెరుపు కొండంతా గెంతులేసింది. "ఎద్దుకి తాడు పట్టినట్టు పట్టుకోకు, నెమ్మదిగా," అన్నారు. టైలరమ్మ వచ్చి గుమ్మంలో నిలబడి, "ఏంటమ్మా ఇది? మొగుడూ పెళ్ళాలకి ఒకరి మొహం ఒకరు చూసుకుంటే చాలక కొండకి కూడా అద్దం చూపిస్తున్నారా?" అంది. "అది తన మొహం ఎలా అయిపోయిందో చూసుకోవాలి కదా," అన్నారు ఆయన. నాలుగు దాకా అలాగే నిలబడ్డాం.

తర్వాత చేసేదేమీ లేదు. టీ పెట్టాను, ఇద్దరం తాగలేదు. పొద్దుగూకుతుండగా ఎర్రదీపం వెలిగింది. ఆయన కిటికీ చువ్వలు పట్టుకుని చూస్తున్నారు. ఎంతసేపటికీ అలాగే వెలుగుతోంది. "కనపడలేదులే," అన్నారు. "కనపడినా అక్క నా కోసం దీపం ఆర్పదు." అప్పుడు ఆరిపోయింది.

ఆరి, వెలిగింది. మళ్ళీ ఆరింది. నేను పైకే లెక్కపెట్టాను. మూడు వదినా. సరిగ్గా మూడు.

ఆయన వంటింట్లో నేల మీద కూలబడి, "అక్క చూసింది," అన్నారు. ఇంకో రెండుసార్లు అదే మాట అన్నారు. మొహం నా వైపు తిప్పలేదు కాబట్టి నవ్వారో ఏడ్చారో రాయలేను. కాసేపటికి లేచి రోడ్డు మలుపు దాకా వెళ్ళారు, మీరు వస్తారేమోనని. ఆఖరి బస్సు వెళ్ళిపోయేదాకా నిలబడి వచ్చారు.

కొండ అవతలి దాకా వచ్చి వెళ్ళిపోయారు. ఇంటికి రమ్మని మిమ్మల్ని పిలవడానికి నాకు ధైర్యం చాలలేదు. కానీ మీ కోసం కూడా టీ పెట్టాను.

మీ మరదలు

ఫిబ్రవరి 28

మరదలా,

ముందు ఇది చదువు. మన వీధిలో పంతొమ్మిది ఇళ్ళు పచ్చ. మూడు పసుపు. బూడిద ఒక్కటీ లేదు. ఇవాళ నాలుగింటికి ప్లాన్ మూసేశారు, మూడో యాంటెన్నా మన వైపు తిరిగింది. టైలరమ్మ ఇల్లు పసుపులో పడింది. కిటికీ దగ్గర నిలబడి మాట్లాడమను. అరిచే అలవాటు ఎలాగూ ఉందన్నావు కదా.

తప్పు ఎక్కడ జరిగిందో చెబుతాను. మా సాఫ్ట్‌వేర్ లెక్కలో తప్పు లేదు. దానికి మేం తినిపించిన నేల పాతది. ఆ మ్యాప్ తయారుచేసి తొమ్మిదేళ్ళయింది. మ్యాప్ మీద ఒక మూల తేదీ ఉంటుంది. ఇంకెవరి ఊరైనా అయితే ఆ తేదీ చూసేదాన్ని. ఆరేళ్ళుగా ఆ వీధిలో అడుగు పెట్టకపోయినా, మన ఊరు కదా, నాకు తెలియనిదేముందని చూడలేదు. నా బుర్రలో కొండా అందులో కొండా ఒకేలా ఉన్నాయి. కిటికీ దగ్గర నిలబడి కళ్ళతో చూసి చెప్పినదానికి లారీ దీపం అన్నాను. ఐదో తరగతి అని కూడా అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. తీసుకోనిస్తావా?

ట్యాంకు మెట్లు నూట నలభై. అన్నీ ఎక్కాను. దూరం చూసే అద్దాలు పెట్టుకుని చూస్తే ముందు సందు కనిపించింది. నిజమే, పళ్ళు ఊడిన నోరు. ఆ తర్వాత చుక్కంత మెరుపు. అది ఆగి, పక్కకి ఒరిగితే కిటికీ, కిటికీలో రెండు తలలు. పట్టుకున్నది అమ్మ బీరువా అద్దం! ఆ అద్దం ముట్టుకుంటే చిన్నప్పుడు మా ఇద్దరికీ వీపులు పగిలేవి. మెట్ల మీద కూర్చుండిపోయాను. కాపలా ఆయన నీళ్ళు తెచ్చిచ్చి, "కళ్ళు తిరిగాయా అమ్మా?" అని అడిగాడు. దీపం ఆర్పమంటే మాత్రం, "ఆర్పితే నా ఉద్యోగం ఊడుతుంది" అని ఒకటే గొడవ. అందుకే మీకు అంత ఆలస్యమైంది. తమ్ముడు అనుకున్నట్టు ఆర్పకూడదని కాదు.

సందు ఎంత లోతుందో, ఎంత వెడల్పుందో అక్కడి నుంచే కొలుచుకున్నాను. కళ్ళకి కనపడితే చాలదు, చుట్టూ కాస్త ఖాళీ కూడా ఉండాలి. ఉంది. కొత్త కొలతలు ఎక్కించి లెక్క వేయిస్తే మన వీధి తెరమీద ఒక్కో ఇల్లూ పచ్చబడుతూ వచ్చింది. పెద్దాయన చూసి, "అద్దం చూపించి కనుక్కున్నావా? మరి ఇంత ఖరీదు పెట్టి ఈ సాఫ్ట్‌వేర్ ఎందుకు కొన్నట్టు?" అన్నాడు. అని, కొండలున్న చోటల్లా మ్యాప్ తేదీలు చూడమని అందరికీ పురమాయించాడు.

ఇక తమ్ముడి సంగతి. ఆ రోజు ఇంటికి వస్తే వాడి చెంప పగలగొట్టేదాన్ని, లేకపోతే వాడిని పట్టుకుని ఏడ్చేదాన్ని. ఏది చేస్తానో నాకే తెలియక ఆఫీసుకి వచ్చేశాను. 18న నీకు రాసినప్పుడు కూడా అంతే. నాలుగు మాటలు దాటితే ఏం రాసేస్తానోనని ఆపేశాను. కోపం నీ మీద కాదు. వాడి మీద ఉంది, ఉంటుంది. అయినా పోయిన సంవత్సరమంతా వాడు షెడ్డులో ఉన్నాడని నేను హాయిగా నిద్రపోయాను. నువ్వొక్కదానివే నిలబడి లెక్కపెట్టావు. ఇకనైనా ఆ లెక్కలో నాకు కాస్త వాటా ఇవ్వండి.

పని మానమంటే మానడు, నాకు తెలుసు. వాడికి ఇవి చదివి వినిపించు. పేలాక అరగంట ఆగకుండా లోపలికి అడుగు పెట్టకూడదు. చూసి బయటికి వచ్చాక నీకొక రింగు, నాకొక రింగు ఇవ్వాలి. ఎత్తక్కర్లేదు, మోగితే చాలు. పాత ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను. ఇది కొత్త ఒట్టు. ఇదైనా నిలబెట్టుకోమను.

అద్దం మళ్ళీ బీరువాకి బిగించారా?

మీ వదిన

మే 21

వదినకి,

మీరు అడిగిన అద్దం, మెరుపు చూపించిన మర్నాడే బిగించాం. కొంచెం వంకరగా ఉంది. అందులో చూసుకుంటే నేను ఎటో వెళ్ళిపోతున్నట్టుంటాను.

యాంటెన్నా పెట్టి ఎనిమిది రోజులైంది. మొదటి రోజు వీధిలో ఇరవై రెండు ఇళ్ళవాళ్ళూ ఫోన్లు పట్టుకుని బయటికి వచ్చారు. లోపలే వస్తుందని చెప్పినా ఎవరూ నమ్మలేదు. టైలరమ్మ కిటికీ దగ్గర నిలబడి కూతురితో మాట్లాడింది. అరవలేదు. అరవకుండా మాట్లాడితే ఏం మాట్లాడిందో మాకెవరికీ తెలియలేదు. వీధి వీధంతా కాస్త నిరాశ పడింది.

మా ఫోన్ బీరువాలోంచి బయటికి వచ్చింది. పొయ్యి గట్టు మీద, పాలగిన్నె ఉండే చోట పెట్టాను. ఆయన క్వారీకి పట్టుకెళ్ళడానికి ఇంకో పాత ఫోన్ కొనుక్కున్నారు. మూడు దాటాక ఎండ గట్టు మీది ఫోన్ మీద పడుతుందని పైన దుప్పటి ముక్క కప్పుతున్నాను.

మీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. అరగంట మాట దగ్గర, "అక్క క్వారీ మేస్త్రీ ఎప్పుడైంది?" అన్నారు. అన్నారే గానీ ఆగుతున్నారు. నాలుగింటికి సైరన్, ఆ తర్వాత చప్పుళ్ళు. నేను లెక్కపెట్టకుండా ఉండలేను, అలవాటైపోయింది. అయితే ఇప్పుడు ఒకటి తగ్గినా, ఒకటి పెరిగినా కూరగాయలు తరగడం ఆపడం లేదు. నాలుగూ నలభై అయ్యేసరికి గట్టు మీద ఫోన్ ఒక్కసారి మోగి ఆగిపోతుంది. అప్పుడు మీకు మోగుతుందని నాకు తెలుసు. అక్కడ మీ బల్ల మీద కూడా మోగి ఆగిపోయిందనుకుని, అప్పుడు పొయ్యి వెలిగిస్తాను. ఆయన ఆరున్నరకే వస్తారు, ఎప్పటిలాగే. కానీ నాకు మాత్రం నాలుగూ నలభైకే ఇంటికి వచ్చినట్టుంటుంది.

పోయిన గురువారం ఫోన్ రెండోసారి కూడా మోగింది. ఎత్తాను. మీరు. "మరదలా," అన్నారు. మీ గొంతు ఉత్తరాల్లో లాగా లేదు, ఎంతో చిన్నగా ఉంది. మీరు నాలుగుసార్లు "ఉన్నావా?" అన్నారు. ఉన్నాను వదినా. అక్కడే ఉన్నాను, నోరు తెరుచుకునే ఉన్నాను. మాటే రాలేదు. సిగ్నల్ లేదనుకుని పెట్టేసి ఉంటారు. మీ ప్లాన్‌లో తప్పేమీ లేదు, యాంటెన్నా బాగానే పనిచేస్తోంది. ఆ రోజు తప్పంతా నాదే.

ఆ మాట చెప్పడానికే ఈ ఉత్తరం.

ఇంకొకటి. వచ్చే సోమవారం నుంచి మీకు సాయంత్రం పూట ఒకటి కాకుండా రెండు రింగులు వస్తాయి. లెక్క ఎక్కువైందని కంగారుపడకండి. మొదటిది ఆయనది. రెండోది నాది.

ఎత్తకండి. ఏం మాట్లాడాలో ఇంకా ఆలోచిస్తున్నాను.

మీ మరదలు